ఏడు చిల్లుల కుండీ

ఫిబ్రవరి 9, ఆదివారం

ఈ డైరీ మా ఇరిగేషన్ ఆఫీసులో ఏటా ఇస్తారు. ఏటా బీరువా మీద దుమ్ము కొట్టుకుపోతుంది. ఈసారి దీనికి పని పడింది. వేణి తాగే నీళ్లు రాయాలి.

శుక్రవారం కాకినాడలో వేణికి డయాలసిస్ అవుతుండగా సారిక గారు నన్ను వరండాలోకి పిలిచి క్లాసు పీకారు. ఆవిడ అక్కడ హెడ్ నర్సు. మాటలో మొహమాటం ఉండదు.

"మీ ఆవిడ తాగే ప్రతి చుక్కా రాయాలి సార్. కాఫీ, మజ్జిగ, చారు, మాత్ర మింగే నీళ్లు, అన్నీ కలిపి రోజుకి ఏడొందల ఎంఎల్. కిడ్నీలు పోయినోళ్లకి లోపలికెళ్లిన నీరు బయటికి రాదండి. మళ్లీ మా మిషనే తియ్యాలి."

తినకూడనివన్నీ రాసి ఒక కాగితం ఇచ్చారు. అరటిపండు, బత్తాయి, టమాటా. కొబ్బరినీళ్లు అన్నచోట ఎర్ర పెన్నుతో రెండు గీతలు గీశారు. "మన గోదావరోళ్లకి అదంటే అమృతం కదండీ, ఏమవుద్దిలే అని పట్టించేస్తారు. పొటాషియం పెరిగి గుండె ఆగిపోద్ది. నా కళ్ల ముందే ఇద్దరు పోయారు."

ఆ కాగితం ఫ్రిజ్ తలుపుకి అంటించాను. వేణి చదివి నవ్వింది. "ఊరందరికీ కాలవ నీళ్లొదిలే మనిషి, పెళ్లానికి గ్లాసుతో వంతులేస్తున్నాడండీ" అంది, ఎదురుగా ఎవరో ఉన్నట్టు.

నిజమే. ఇరవై ఆరేళ్లుగా సామర్లకోట కాలువ మీద వర్క్ ఇన్‌స్పెక్టర్‌ని. ఏ తూము తలుపు ఎంత ఎత్తాలో, కాలువ చివరి శివారు చేలకి ఎన్ని రోజులు వంతు ఇవ్వాలో నోటికి చెబుతాను. నీళ్ల సంగతి నాకొకరు చెప్పక్కర్లేదు.

ఇవాళ 680.

ఫిబ్రవరి 10, సోమవారం

సోమ, బుధ, శుక్రవారాలు కాకినాడ. పొద్దున్నే అయిదున్నరకి కారు. నాలుగు గంటలు మిషను మీద పడుకుని వేణి ఫోన్లో వీడియోలు చూస్తుంది. ఇవాళ ఒకటి నా మొహం మీద పెట్టింది. ఊదారంగు పూలు, ఒక్కో కాడకి పదేసి. ఆర్కిడ్ అట.

"ఇది కావాలండి నాకు."

ఇంట్లో మందారాలున్నాయి, మల్లెలున్నాయి, ఆర్నెల్లుగా నీళ్లు పోసే దిక్కు లేక అమ్మే చూసుకుంటోంది, ఇంకొకటి ఎందుకు అన్నాను.

"ఇది నాలాంటిదంట. నీళ్లెక్కువైతే చచ్చిపోద్దంట" అని తనే నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఆ మాట ఎందుకు అనాలి మనిషి?

650.

ఫిబ్రవరి 16, ఆదివారం

కడియం వెళ్లాను. నర్సరీలో సాల్మన్ అని ఒకాయన, ఇరవై ఏళ్లుగా ఆర్కిడ్లే చూస్తున్నాడట. నేను ముందే ఒక పెద్ద పింగాణీ కుండీ ఎంచి చంకలో పెట్టుకున్నాను. అది చూసి తల అడ్డంగా ఊపాడు.

"అందరూ ఇదే చేస్తారండి. అందంగా ఉందని పెద్ద కుండీ కొంటారు, నల్లమట్టి నింపుతారు, చెంబులు చెంబులు పోస్తారు. నెల తిరక్కుండా కుళ్లిపోద్ది. ఇది చెట్ల కొమ్మల్ని పట్టుకుని గాల్లో బతికే జాతండి. దీనికి కావాల్సింది గాలి."

"మట్టి అసలు వద్దా?"

"చిటికెడు కూడా వద్దండి. బొగ్గు ముక్కలు, పెంకులు, ఎండిన కొబ్బరి డొక్క ముక్కలు. అంతే. వేళ్లు ఇరుగ్గా పట్టేంత చిన్న కుండీ ఉండాలి. మట్టిదైతే మరీ మంచిది, అడుగునా పక్కలా చిల్లులుండాలి. పోసిన నీళ్లు పోసినట్టు కారిపోవాలి. ఆయ్, అదేనండి కిటుకు. వేళ్లు తెల్లబడితే దాహం అని. పచ్చగా ఉంటే తాగినట్టు."

అటువంటి కుండీలు తన దగ్గర అయిపోయాయట, పెద్దాపురంలో కుమ్మరి వాళ్లకి చెబితే చేసి పెడతారన్నాడు. మొక్క మటుకు తెచ్చాను. నల్ల ప్లాస్టిక్ డబ్బాలో ఉంది, వేళ్లు అంచు దాటి బయటికి వచ్చేశాయి. వేణి దాన్ని ఒళ్లో పెట్టుకుని సాయంత్రం దాకా దించలేదు.

డెల్టాలో పుట్టి పెరిగినవాణ్ని. మట్టి లేకుండా, నీళ్లు నిలవకుండా బతికే మొక్క ఉంటుందంటే ఇంకా నమ్మకం కుదరట్లేదు.

ఫిబ్రవరి 23, ఆదివారం

పెద్దాపురం. సూర్యకళ అనే ఆవిడ సారె మీద ఉంది. మొగుడు పోయాక తనే చేస్తోందట. కుండీ కొలత చెప్పాను. పక్కలకి చిల్లులు కావాలన్నాను.

ఆవిడ చెయ్యి ఆగింది. "ఎన్నండి?"

"ఎన్నో కొన్ని. మూడో నాలుగో."

"మూడు మాత్రం పెట్టనండి. మూడు చిల్లులది వేరే కుండ." నా మొహం చూసి, "ఇంట్లో ఎవరికన్నా బాగోలేదా బాబూ?" అంది.

బాగోలేదని చెప్పాను. ఆవిడే ఆలోచించి ఏడు అంది. పక్కలకి ఆరు, అడుగున ఒకటి. ఏడుకొండలవాడి లెక్క, పేచీ ఉండదట. నాకు ఇలాంటి పట్టింపులు లేవు. చెప్తే వినాలి కాబట్టి విన్నాను.

ఫిబ్రవరి 26, బుధవారం

శివరాత్రి. భీమేశ్వరుడి గుడి వైపు జనం, కారు అరగంట ఆలస్యం. వేణి బరువు కిలో ఎనిమిది వందలు పెరిగిందన్నారు. ఫరవాలేదట.

వచ్చేటప్పుడు పెద్దాపురం మీదుగా వచ్చి కుండీ తీసుకున్నాం. గుమ్మం దగ్గరే అమ్మ పట్టుకుంది.

"ఏంట్రా అది? చిల్లుల కుండ ఇంట్లోకి తెస్తావా? మంచాన మనిషిని పెట్టుకుని?"

"మొక్క పెట్టుకునే కుండీ అమ్మా."

"మీ నాన్నకి నువ్వే కదరా మోశావు. మర్చిపోయావా?"

మర్చిపోలేదు. కాడు దగ్గర నీళ్లకుండ భుజాన పెట్టుకుని మూడు చుట్లు తిరగడం, చుట్టుకొకసారి వెనకనుంచి కత్తిమొనతో చిల్లు పొడవడం, వీపంతా తడిసిపోవడం. ఎవరు మర్చిపోతారు? కానీ దానికీ దీనికీ ఏంటి సంబంధం?

వేణి కారులోంచి దిగి గోడ పట్టుకుని నిలబడి, "అత్తయ్యా, ఏడున్నాయి. మూడు కాదు" అంది.

"ఏడులో మూడు లేవేంటే?" అంది అమ్మ.

ఆ మాటకి వేణి పకపకా నవ్వింది. ఆయాసం వచ్చి కూర్చుండిపోయింది, అయినా నవ్వుతూనే ఉంది. అమ్మ కూడా చివరికి నవ్వేసి, "నీ ఇష్టమే తల్లీ, నాకెందుకు" అని లోపలికి వెళ్లిపోయింది. ఈ ఇంట్లో అత్తాకోడళ్లు నన్ను ఒంటరివాణ్ని చేసి ఒకటవుతారు, పాతికేళ్లుగా అంతే. పిల్లలు పుట్టలేదని బంధువులు ఒక మాట అంటే నాకంటే ముందు అమ్మే లేచేది.

మార్చి 2, ఆదివారం

ఇవాళ కుండీ మార్చాం. అంటే వేణి కుర్చీలో కూర్చుని చెప్పింది, నేను చేశాను. ఎడమచేతికి డయాలసిస్ కోసం ఆపరేషన్ చేశారు కాబట్టి బరువు ఎత్తకూడదు.

కొత్త మట్టికుండీని ముందు నానబెట్టాలట. బక్కెట్లో ముంచగానే బుసబుసా బుడగలు వచ్చాయి. వేణి వంగి చాలాసేపు చూసింది. "ఎంత తాగుతోందో చూడండి" అంది.

తర్వాత పాత డబ్బా కోసి మొక్కని తీశాను. కుళ్లిన వేళ్లు రెండుంటే కత్తిరించాను, మిగతావి లావుగా, గట్టిగా ఉన్నాయి. అడుగున పెంకులు, పైన బొగ్గు, రెండు రోజులు నానబెట్టి ఆరబెట్టిన డొక్క ముక్కలు. మొదలు పూడిపోకూడదు, పైకే ఉండాలి. కదలకుండా ఒక పుల్లకి దారంతో కట్టాను. వరండా కమ్మీకి, వేణి మంచంలోంచి కనిపించేచోట వేలాడదీశాను. వారం రోజులు నీళ్లు పోయొద్దు, చిలకరిస్తే చాలంది.

"పాపం, దానిక్కూడానా" అంది అమ్మ వంటింట్లోంచి.

ఇవాళ 700.

మార్చి 4, మంగళవారం

700.

మార్చి 6, గురువారం

700.

మార్చి 8, శనివారం

700. శివారు రైతులు ఆఫీసు మీదకి వచ్చారు. పై వాళ్లు మోటార్లు పెట్టి లాగేస్తున్నారట, కిందకి చుక్క రావడం లేదట. వరి పొట్ట మీద ఉంది. ఒకాయన నా చెయ్యి పట్టుకున్నాడు. నేను ఏం చేయను? వచ్చిందే అంత. వంతు ప్రకారం వదిలాను.

ఇంటికి వచ్చేసరికి వేణి ఈ డైరీ తిరగేస్తోంది. "రోజూ సరిగ్గా ఏడొందలేనా? కాలవ గేజీలో నీటిమట్టం కూడా ఇలాగే రాస్తారేంటి మీరు, ఇంట్లో కూర్చుని?" అంది. లాక్కుని లోపల పెట్టాను.

మార్చి 12, బుధవారం

మొక్క కింది ఆకు పసుపు రంగుకి తిరిగింది. ఎండ ఎక్కువగా ఉంది, నీళ్లు చాలడం లేదేమో. ఇంకొంచెం పోశాను.

700.

మార్చి 16, ఆదివారం

ఎండలు ముదిరాయి. శుక్రవారానికీ సోమవారానికీ మధ్య రెండు రోజులు మిషను ఉండదు. ఆ రెండు రోజులే నరకం. వేణి పెదాలు పగిలిపోయాయి. తడిగుడ్డ పెదాలకి అద్దుకుంటుంది, అద్దుకుని ఎవరూ చూడనప్పుడు పీలుస్తుంది. చూడనట్టు నటించాను. ఐసు ముక్క ఒకటి నోట్లో పెట్టుకోవచ్చన్నారు. పెట్టాను. దాన్ని పళ్లకి తగలకుండా, కరక్కుండా ఎంతసేపు ఉంచుకుందో.

కిటికీలోంచి కాలువ గట్టు కనిపిస్తుంది. కాలువ నిండా నీళ్లు. ఆ కిటికీ మూసెయ్యమంది.

మధ్యాహ్నం అమ్మ కునుకు తీసింది. నేను ఇంట్లోనే ఉన్నాను. 700.

మార్చి 20, గురువారం

కోపంలో రాస్తున్నాను.

ఇంకో రెండు ఆకులు రాలాయి. సాల్మన్‌కి ఫోటో పంపితే, వేళ్లు కుళ్లుతున్నాయండీ, కుండీలో నీళ్లు నిలుస్తున్నట్టున్నాయి, ఓసారి చూడండి అన్నాడు. ఎలా నిలుస్తాయి, ఏడు చిల్లులుంటే? కుండీ దింపితే బరువుగా ఉంది. పక్కలు తడిమాను. ఒక్క చిల్లూ లేదు.

బంకమట్టి. పసుపు కలిపి, సున్నితంగా పూసి, కుండీ రంగులో కలిసిపోయేలా అలికి ఉంది. అడుగుదానికి కూడా.

అమ్మని పిలిచాను. వచ్చింది. చేతులు కొంగులో తుడుచుకుంటూ నిలబడింది. ఏమీ దాచలేదు.

"పెట్టిన నాలుగో రోజునే మూసేశాను. పొద్దున లేస్తే దాని మంచానికి ఎదురుగా అదే వేలాడుతోంది. ఎలా చూడమంటావురా నన్ను?"

మేకు తీసుకున్నాను. ఒకటి, రెండు, మూడు అని పొడిచాను. మూడో చిల్లుకి లోపల మురిగిన నీళ్లన్నీ ఒక్కసారిగా నా కాళ్ల మీద పడ్డాయి. అమ్మ కళ్లు మూసుకుంది. తక్కినవి కూడా పొడిచేదాకా ఆగకుండా లోపలికి వెళ్లిపోయింది.

వేళ్లు నల్లగా జావగారిపోయాయి. కత్తిరిస్తూ పోతే రెండు కాడలూ నాలుగు వేళ్లూ మిగిలాయి. పసుపు, దాల్చినచెక్క పొడి అద్దమన్నాడు సాల్మన్. అద్దాను.

ప్రేమతోనే చంపేస్తారు వీళ్లు. ఈ మాట అమ్మ మొహం మీదే అనేశాను. అనకుండా ఉండాల్సింది.

మార్చి 21, శుక్రవారం

అమ్మ నాతో మాట్లాడలేదు.

మార్చి 23, ఆదివారం

అమ్మ మాట్లాడింది. "తెరిచింది నువ్వు. నేను కాదు. గుర్తు పెట్టుకో."

మార్చి 30, ఆదివారం

ఉగాది. వేణికి అర చెంచా పచ్చడి, నాలిక మీద. అన్ని రుచులూ తెలిశాయంది.

కుండీలో పెంకుల మధ్య కొత్త వేరు. గోరంత. కొస ఆకుపచ్చగా మెరుస్తోంది. వేణిని చెయ్యి పట్టుకుని వరండాలోకి నడిపించి చూపించాను. చూపుడువేలు దాని దగ్గరగా పెట్టింది, తాకలేదు. "బతికిందండీ" అంది. ఏడ్చింది. కన్నీళ్లు కూడా 700లో లెక్కేనా అని అడిగింది. నేనూ ఏడ్చాను. అమ్మ తలుపు చాటునుంచి చూసి వెళ్లిపోయింది. మా ఇంట్లో ఈ ఏడాది ఇంతకంటే మంచి రోజు లేదు.

ఏప్రిల్ 2, బుధవారం

రెండు రోజుల్లో రెండు కిలోల ఆరు వందలు పెరిగింది. పడుకోలేకపోతోంది, దిండ్లు ఎత్తు పెట్టుకుని కూర్చునే ఉంటోంది. సారిక గారు అడిగారు. ఈ డైరీ తీసి చూపించాను. పేజీలు తిప్పి, మూసి నా చేతికిచ్చారు.

"పుస్తకం అబద్ధం ఆడొచ్చు సార్. త్రాసు ఆడదు. ఇంట్లో ఎవరో నీళ్లిస్తున్నారు."

అమ్మే అయ్యుండాలి. చిల్లులు మూసిన మనిషికి ఇదొక లెక్కా? ఇంటికి రాగానే గట్టిగా అడిగాను. అమ్మ దేవుడి గదిలోకి వెళ్లి దీపం మీద చెయ్యి పెట్టి ఒట్టేసింది. ఒట్లు నేను నమ్మనన్నాను. వేణి మంచం మీద కూర్చుని అంతా విన్నది. నా వైపు చూసింది.

ఏప్రిల్ 6, ఆదివారం

శ్రీరామనవమి. వీధిలో పందిరి, మైకు. బిందెలతో పానకం పంచుతున్నారు. దారినపోయేవాళ్లందరికీ గ్లాసులు నింపి పిలిచి మరీ ఇస్తున్నారు. అమ్మ తెచ్చి, ఒక్క చెంచా తీర్థంలాగా వేణి నోట్లో పోసింది. నేను చూశాను. వీధిలో జనం వినేలా అరిచాను. కాగితం ఫ్రిజ్ మీద ఉంది, చదువు రాదా అన్నాను. అమ్మకి చదువు రాదు.

మధ్యాహ్నం కుండీలో డొక్క తక్కువైనట్టు అనిపించింది. కొంచెం ముక్కలు కొట్టి వేశాను. పచ్చిదే దొరికింది. ఫరవాలేదు, ఎండుతుంది.

వేణి తర్వాత హాయిగా నిద్రపోయింది. ఎన్నాళ్లకో.

700.

ఏప్రిల్ 7, సోమవారం

వేణి పోయింది.

ఏప్రిల్ 8, మంగళవారం

మూడు చుట్లు. నేనే మోశాను. చొక్కా లేదు. నీళ్లు చల్లగా ఉన్నాయి.

ఏప్రిల్ 12, శనివారం

రాస్తే గాని ఊపిరి ఆడేలా లేదు. ఇది ఎవరూ చదవరు.

సోమవారం అయిదున్నరకి కారెక్కించాం. ఊరు దాటకముందే, గుండెలో ఏదో తప్పుతోందండీ అంది. నా భుజం మీద తల పెట్టింది. ఆసుపత్రిలోకి పరిగెత్తించాను. రక్తం తీశారు, ఇంజెక్షన్లు ఇచ్చారు, గుండె మీద చేతులు పెట్టి నొక్కారు. తర్వాత డాక్టరు గారు బయటికి వచ్చి పొటాషియం చాలా ఎక్కువగా ఉందండీ, నిన్న ఏమైనా పళ్లు గానీ కొబ్బరినీళ్లు గానీ తీసుకున్నారా అని అడిగారు.

లేదండీ అన్నాను.

సారిక గారు పక్కనే ఉన్నారు. నా చేతిలో ఈ డైరీ ఉంది.

ఆదివారం ఏడు వందలు కాదు. మార్చిలో ఒక్క రోజు కూడా ఏడు వందలు కాదు. అమ్మ కునుకు తీశాక వేణి పిలిచేది. "ఏవండీ, ఒక్క గుక్క." ఒక్క గుక్కే కదా అని ఇచ్చేవాణ్ని. మర్నాడు ఇంకో గుక్క. ముక్కుమొహం తెలియని శివారు రైతు చెయ్యి పట్టుకుంటేనే రాత్రంతా నిద్ర పట్టదు నాకు. ఈవిడ పాతికేళ్లు నాతో కాపురం చేసింది. దాహం అంటే లేదని ఎలా అనను? ఇచ్చి, వచ్చి ఇక్కడ 700 అని రాసేవాణ్ని. గేజీ ఇంట్లో కూర్చుని రాసినట్టే. రాస్తే అదే నిజమైపోతుందనుకున్నాను.

ఆదివారం వీధిలో పానకం గోల విని వేణి చెవులు మూసుకుంది. తర్వాత మెల్లగా అడిగింది. నీళ్లు కూడా అక్కర్లేదట, లేత కొబ్బరినీళ్లు రెండు గుక్కలు చాలట. కాగితం మీది రెండు ఎర్ర గీతలూ తెలుసు నాకు. తనకీ తెలుసు. అయినా బొండాం తెచ్చాను. రెండు గుక్కలే అనుకున్నాం. వేణి దాన్ని రెండు చేతులతో పట్టుకుంది, నేను వదిలించలేదు. తాగి మూతి తుడుచుకుని, "ఇప్పుడు ప్రాణం లేచొచ్చింది" అంది.

ఖాళీ బొండాం అమ్మ కంటపడకూడదు. పెరట్లోకి తీసుకెళ్లి కత్తితో ముక్కలు కొట్టాను. నీరు కారే పీచు, పచ్చి డొక్క. ఎక్కడ దాచాలో తెలియక కుండీలో వేశాను.

ఏప్రిల్ 14, సోమవారం

అయిదింటికి లేచి తయారై కూర్చున్నాను. కారు రాదు.

ఏప్రిల్ 15, మంగళవారం

ఇవాళ కూడా చెప్పలేదు అమ్మకి. రేపు చెప్తాను.

ఏప్రిల్ 17, గురువారం

పదకొండో రోజు. కాలువ దగ్గర నువ్వులు, నీళ్లు వదిలించారు. పంతులు గారు దోసిట్లోంచి ఎంత వదలాలో చెబుతుంటే, నీళ్లు వదలడం నాకు నేర్పుతున్నారా అని నోటిదాకా వచ్చింది.

వేసవి మరమ్మతులకి కాలువలు కట్టేసే రోజులు కూడా ఇవే. మట్టం అడుగంటింది. దోసిట్లోకి బురద వచ్చింది.

చెప్పలేదు.

ఏప్రిల్ 18, శుక్రవారం

నాకు నేను ఒక సంగతి చెప్పుకోవాలి. మార్చి ఇరవైన ఆ చిల్లులు పొడిచింది నేను. మూడో చిల్లుకే నీళ్లు వచ్చాయి. పద్దెనిమిది రోజులకి వేణి పోయింది. అమ్మ చెప్పింది, సూర్యకళ చెప్పింది. ఊళ్లో ఇంతమంది నమ్ముతున్నారంటే ఏమీ లేకుండానే నమ్ముతారా? ఇన్నేళ్లు నాకు పట్టింపులు లేవని విర్రవీగాను. అదే నిజమేమో.

అదే నిజమైతే బాగుండును.

ఏప్రిల్ 20, ఆదివారం

మధ్యాహ్నం లేచేసరికి వరండాలో కమ్మీకి కుండీ లేదు. అమ్మ పెరట్లో పీట వేసుకుని కూర్చుని ఉంది. కుండీ పక్కన పెట్టి, మొక్కని కదపకుండా, పైన ఉన్న డొక్క ముక్కలు ఒక్కొక్కటే ఏరి చేటలో పెడుతోంది. ఎండిన ముక్కలు ఒక పక్క. పచ్చి ముక్కలు ఒక పక్క. పచ్చివాటికి బూజు పట్టింది. ఒక ముక్క మీద బొండాం ముచ్చిక అలాగే ఉంది.

నేను గుమ్మంలో ఆగిపోయాను. అమ్మ ఆ ముచ్చిక ఉన్న ముక్కని తిప్పి తిప్పి చూసింది.

"నవమి నాడు కొట్టిందేనా ఇది?"

పన్నెండు రోజులుగా అనుకుంటున్న మాటలు ఒక్కటీ రాలేదు.

"మొత్తం తాగిందా?"

తల ఊపాను.

"తృప్తిగా తాగిందా?"

మళ్లీ తల ఊపాను. అమ్మ లేచింది. పచ్చి ముక్కలన్నీ కొంగులో వేసుకుని నీళ్లపొయ్యి దగ్గరికి వెళ్లింది. తడి డొక్క ఎక్కడ అంటుకుంటుంది? పొగ ఒక్కటే. నేను ఊదబోతే చేత్తో పక్కకి తోసింది. ఆ పొగలోనే కూర్చుని, అన్నీ మసి అయ్యేదాకా ఊదింది.

సాయంత్రం అమ్మ వాళ్ల పెద్దమ్మ కూతురు రత్నమాణిక్యం గారు పరామర్శకి వచ్చారు. నేను వరండాలో ఉన్నాను. కుండీ మళ్లీ కమ్మీకి వేలాడదీశాను. వేరు తెల్లబడింది. దాహం.

లోపలినుంచి ఆవిడ గొంతు వినిపించింది. "అంత హఠాత్తుగా ఏంటే సంపూర్ణం? ఉగాదికి ఫోన్లో బాగానే మాట్లాడింది కదా పిల్ల?"

తర్వాత అమ్మ గొంతు. వీధిలోకి కూడా వినపడేంత గట్టిగా.

"నా ఖర్మే అక్కా. నా చేతులారా చేసుకున్నాను. వాడికేం తెలుసు, మగపిల్లాడు, తెచ్చాడు. పెద్దదాన్ని, నేను గట్టిగా వద్దనాల్సింది. చిల్లుల కుండ గుమ్మంలోకి రానిచ్చాను. మంచం ఎదురుగా వేలాడదియ్యనిచ్చాను. ఇంకేమీ లేదు. ఆ చిల్లుల వల్లే. నా వల్లే పోయింది నా కోడలు."

కాదు అని లోపలికి వెళ్లి ఒక్క మాట అనాలి. నాలుగు అడుగులు. చేతిలో చెంబు ఉంది. కుండీలో పోశాను. ఏడు చిల్లుల్లోంచీ కారి కాళ్ల మీద పడ్డాయి. మళ్లీ ముంచి పోశాను. సాల్మన్ చెప్పినంత ఎప్పుడో అయిపోయింది. అమ్మ ఇంకా చెబుతూనే ఉంది. ఆవిడ మాట అయిపోయేదాకా పోస్తూనే నిలబడ్డాను.